వాల్వు దాటిన చోట

ఇంతవరకు నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇక చెప్పరని తేలిపోయాకే ఇది రాస్తున్నాను. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నామన్నారు. మెసేజ్ పెడితే రెండు నీలి గీతలు పడ్డాయి. అంటే చూశారు, చూసి ఊరుకున్నారు. గేటు దగ్గర నిలబడితే సెక్యూరిటీ అతను, ఒకప్పుడు నాతో కలిసి చాయ్ తాగినవాడే, తన ఫోన్‌లోకి తల దించుకున్నాడు. నేను మరిచిపోయే మనిషిని కాదు. చిన్నప్పుడు బడిలో నా పలక పగలగొట్టినవాడిని ఇప్పటికీ పలకరించనని మా అక్క నవ్వుతుంది. నిజమే. పలక పగలగొట్టినందుకు కాదు. పగలగొట్టలేదన్నాడు, అందుకు.

కాని ఇది పలక సంగతి కాదు, ఒక పైపు సంగతి. ఆ పైపు కింద కూర్చుని మా బావ రోజూ అన్నం తింటాడు.

రామగుండం స్టేషన్‌లో దిగగానే కనిపించే పెద్ద పొగగొట్టాల గురించి కాదు నేను చెప్పేది. బసంత్‌నగర్ పోయే రోడ్డుకు లోపలగా, తుమ్మచెట్ల వెనక ఉన్న ఒక చిన్న కరెంటు ప్లాంటు గురించి. దాని పేరు రాయను. రాస్తే అందరూ పేరు గురించి మాట్లాడతారు, పైపు గురించి మాట్లాడరు. బావ అంటే మా అక్క భర్త. అక్కడ లాగింగ్ మేస్త్రీ. వేడి పైపుల చుట్టూ దూదిలాంటి ఊలు చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు తొడిగి స్క్రూలు బిగించే పని. ఆ తొడుగు వల్లే పైపులో వేడి పైపులో ఉంటుంది, పక్కన నడిచేవాడి చెయ్యి కాలదు. ఆ తొడుగు వల్లే లోపల పైపు ఎట్లా ఉందో ఎవరికీ కనబడదు కూడా.

మా బాపు గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పనిచేశాడు. ఇక్కడ గనిని బాయి అనే అంటారు. దిగాక అక్కడ మొదటి పని కప్పును తట్టి చూడడం. పొడుగు కర్రతో తలపైన రాయిని కొట్టి చెవి పెడతారు. గట్టి రాయి గంటలా మోగుతుంది. పట్టు వదిలిన రాయి డొల్లగా, పగిలిన కుండను కొట్టినట్టు పలుకుతుంది. అట్లా పలికిందని ఎవరన్నా సరే, నిన్న చేరినవాడు అన్నా సరే, ఎవరూ రుజువు అడగరు. పారలు అక్కడే వదిలేసి వెనక్కి వచ్చేస్తారు. "ముందు బయటికి, తర్వాత పంచాది" అనేవాడు మా బాపు. వాదన ఉంటే బయట నిలబడి చేసుకోవచ్చని దాని అర్థం.

ఒకసారి ఆయన డొల్ల అన్న చోట తోటివాళ్లకు గంటే వినిపించింది. అయినా పని ఆపారు. షిఫ్టు ముగిసేదాకా కప్పు కదలలేదు. పైకి వచ్చాక, కప్పు నీ ఒక్కనితోనే మాట్లాడుతదా అని ఎగతాళి చేశారట. మరునాడు షిఫ్టు బాధ్యత చూసే సర్దార్ దగ్గరుండి ఆ చోట గడ్డపారలతో పొడిపించాడు. ఊడిపడ్డ రాయి మా క్వార్టర్ వంటగదంత ఉందని బాపు చెప్పేవాడు. ఎగతాళి చేసినవాళ్ల పేర్లు మాత్రం చెప్పేవాడు కాదు. నేనైతే చెప్పేవాడిని.

మా బాపు గెలిచాడని చెప్పడానికి ఇది రాయలేదు. వాళ్లు పొడిచి చూశారు. నేను అడుగుతున్నదీ అంతే, చూడమని.

నేను డిప్లొమా చదివి హైదరాబాదులోని ఒక చిన్న తనిఖీ కంపెనీలో చేరాను. లోహాన్ని కోయకుండా, పగలగొట్టకుండా లోపల ఏముందో కనిపెట్టే పని మాది. పాత పద్ధతుల్లో ఎక్కడ చూడాలో అక్కడ ఊలు విప్పాలి, పైపు చల్లారాలి, మనిషి ఎక్కాలి. వేడి పైపులకు ఇప్పుడు ఇంకో పద్ధతి వచ్చింది. మాగ్నెటోస్ట్రిక్టివ్ సెన్సర్ అంటారు. పేరు విని భయపడనక్కర లేదు. మా కాలనీ మూలన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పగలూ రాత్రీ గుంయ్‌మని మూలుగుతూ ఉండేది. లోపల ఏదో తిరుగుతోందని పిల్లలం అనుకునేవాళ్లం. ఏమీ తిరగదు. అయస్కాంత బలం మారినప్పుడల్లా అందులోని ఇనుప రేకులు కంటికి అందనంత సాగి, మళ్లీ ముడుచుకుంటాయి. ఆ సాగడమే ఆ మూలుగు. ఇక్కడా అదే సంగతి. ఇనుము, కోబాల్టు కలిపిన పలుచని పట్టీని పైపు చుట్టూ గాజులా తొడుగుతాం. దాని మీద తీగ చుట్టి కరెంటు పంపితే పట్టీ రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలి అలగా మారి పైపు గోడ వెంబడి పరుగెత్తుతుంది. అతుకు తగిలితే కొంత వెనక్కి వస్తుంది. గోడ పలచబడిన చోటు తగిలినా కొంత వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది. బాపు కర్ర, ఈ పట్టీ రెండూ చేసే పని ఒకటే, కొట్టి వినడం.

ఒక్కచోట ఊలు విప్పి పట్టీ తొడిగితే చాలు, అటూ ఇటూ బస్సు పొడవు కన్నా ఎక్కువ దూరం వినవచ్చు. పైపు వేడిగా ఉండగా, ప్లాంటు నడుస్తూ ఉండగానే వినవచ్చు. చిక్కల్లా పట్టీని పైపుకు అంటించి ఉంచడంలో ఉంది. మామూలు జిగురు ఆ వేడికి మాడిపోతుంది. అందుకని పైన ఉక్కు పట్టీ వేసి బోల్టులతో బిగిస్తాం.

కిందటేడు వానలు తగ్గుముఖం పడుతున్నప్పుడు మరమ్మతుల కోసం ప్లాంటు షట్‌డౌన్ తీసుకుంది. మా కంపెనీకి పని దొరికింది. నన్ను పంపారు, ఇక్కడివాడినని. మాకు చూపించిన పైపు బాయిలర్‌కు వేడినీళ్లు తోసేది. నీళ్లే కదా అనుకోకూడదు. మనింట్లో నీళ్లు ఆవిరయ్యే వేడి కన్నా చాలా ఎక్కువ వేడిలో, ఒత్తిడి వల్ల మాత్రమే నీళ్లుగా ఉండిపోయిన నీళ్లు అవి. పైపు ఎక్కడైనా విచ్చుకుంటే ఒక్కసారిగా అన్నీ ఆవిరే. శిక్షణలో మాకు ఒక ఫోటో చూపించారు, ఎక్కడిదో చెప్పలేదు. పైపు అరటితొక్కలా విచ్చుకుని ఉంది. ముందు చెమర్చలేదా, చుక్క కారలేదా అని ఎవరో అడిగారు. ఈ రకం పైపు ముందుగా ఏమీ చెప్పదన్నాడు శిక్షకుడు. ఫోటోలో మనుషులెవరూ లేరేమని ఇంకొకతను అడిగితే ఆయన తరువాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

ఊలు విప్పింది బావే. పైపు ఒంటిని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, పట్టీని అయస్కాంతంతో ఒకే దిక్కుగా నిమిరి, చుట్టూ తొడిగి బిగిస్తుంటే ఆయన పక్కన నిలబడి చూశాడు.

"పైపుకు వడ్డాణం పెడుతున్నవా బామ్మర్ది?"

"అవును. నీ చెల్లెకు పెట్టలేదు, దీనికి పెడుతున్న" అన్నాను. నా భార్య వరసకు ఆయనకు చెల్లెలవుతుంది. వారం రోజులు ఆ గ్యాంగ్ అంతా నన్ను వడ్డాణం సార్ అని పిలిచారు. అది అవమానమని నేను అనుకోలేదు. ఏది అవమానమో, ఏది హాస్యమో నాకు బాగా తెలుసు.

పైపు వేడెక్కి నిలకడపడ్డాక మొదటి చిత్రం తీశాం. కంప్యూటర్ మీద గీత, గీత మీద శిఖరాలు. అతుకులు, పైపును మోసే దిమ్మెలు అన్నీ డ్రాయింగ్‌లో ఉన్నచోటే ఉన్నాయి. ఈ మొదటి చిత్రం చాలా ముఖ్యం. ఆ తరువాత తీసే ప్రతి చిత్రంలోంచి దీన్ని తీసివేసి, మిగిలినదాన్నే మార్పు అంటాం. ఆ రోజు నీళ్లను అదుపు చేసే వాల్వుకు, దాని తరువాతి అతుకుకు మధ్య ఒక చిన్న ఉబ్బు కనబడింది, ఉందా లేదా అన్నంత.

దసరా నాటికి ఉంది అన్నంత అయింది. నేను రిపోర్టు పంపి, మెయింటెనెన్స్ పెద్దసారును స్వయంగా కలిసి చెప్పాను. ఆయనది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. చూద్దాంలే అన్నాడు. దసరా సాయంత్రం ప్లాంటు వాళ్లంతా జమ్మి ఆకు పంచుకుని అలాయ్ బలాయ్ చేసుకుంటుంటే ఆయన వరసగా అందరి చేతుల్లో ఆకు పెడుతూ వచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. ఫోన్ పెట్టేసి నా తరువాతి మనిషితో మొదలుపెట్టాడు. నా చెయ్యి చాచే ఉంది.

చలికాలం వచ్చేసరికి ఆ శిఖరం పక్కనున్న అతుకు శిఖరంలో సగానికి వచ్చింది. అప్పుడు మీటింగ్ పెట్టారు. పెద్దసారు ముందురోజే పైపు వెంబడి నడిచి చూసి వచ్చానన్నాడు. జబ్బు ఏమిటో తెలిసిపోయిందన్నాడు. వాల్వు దాటిన చోట లాగింగ్ గ్యాంగ్ వాళ్లు వెల్డింగ్ కడ్డీలు కొక్కేల్లా వంచి రేకుకు తగిలించి, వాటికి తమ అన్నం డబ్బాలు వేలాడదీస్తారు. పొద్దున తగిలిస్తే మధ్యాహ్నానికి అన్నం పొయ్యి మీద నుంచి దింపినట్టు ఉంటుంది. చలికాలం, వానాకాలం అక్కడే పైపు కింద కూర్చుని తింటారు. ఎండాకాలంలో ఆ వేడి భరించలేక డబ్బాలు తీసుకుని రేకుల షెడ్డుకు పోతారు. ఆ చోటు ప్లాంటులో తెలియనివాళ్లు లేరు.

"మీ మిషన్ వాళ్ల పచ్చిపులుసును కూడా వింటోందయ్యా" అన్నాడు పెద్దసారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఫోర్‌మన్ అందుకుని, "రేపు మటన్ తెమ్మందం సార్, ఇంకా పెద్దగ వినిపిస్తదేమో" అన్నాడు. ఇంకా నవ్వారు. అప్పుడే చాయ్ వచ్చింది. నా దాకా వచ్చేసరికి కప్పులు అయిపోయాయి. అటెండర్ మళ్లీ తెస్తానని వెళ్లి రాలేదు. ఖాళీ సాసరు ఒకటి నా ముందు పెట్టి వెళ్లాడు, అంచు విరిగినది. అది ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

కొక్కేలు ఉన్నది రేకు మీద సార్, పైపు మీద కాదు అన్నాను. రేకుకూ పైపుకూ మధ్య జానెడు ఊలు ఉంది. అల పైపు గోడలోనే పోతుంది, బయటికి రాదు. రేకుకు ఏనుగును వేలాడదీసినా దానికి తెలియదు. పెద్దసారు ఓపికగా విని, మరి సరిగ్గా అక్కడే ఎందుకు చూపిస్తోందని అడిగాడు. అది మంచి ప్రశ్న. దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆదివారం మా అక్క ఇంట్లో దొరికింది. గోదావరిఖనిలో వాళ్లది బొగ్గు కంపెనీ క్వార్టర్ల వెనక వరసలో కిరాయి ఇల్లు. అన్నాలు తింటుండగా నేను బావతో, మీరు డబ్బాలు ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"గా జాగల ఉన్న వెచ్చదనం ఇంకెక్కడ లేదు" అన్నాడు బావ. "గాడ రేకు నిలువదు. ఎన్నిమార్లు స్క్రూ కొట్టినా ఊడుతది. గా సందుల కెళ్లి సెగ కొడుతది, దమ్‌కు పెట్టినట్టు ఉడుకుతది కూర."

"రేకు ఎందుకు ఊడుతది?"

"వణుకుతది కదనే పైపు. వాల్వు దాటినంక జరంత వణుకుతది. చెయ్యి పెడితె ఎరుకైతది."

అప్పుడు నాకు లెక్క కుదిరింది. వాల్వు సందులోంచి దూసుకొచ్చిన నీళ్లు దాటగానే సుడులు తిరుగుతాయి. ఆ సుడులు పైపును వణికిస్తాయి. వణుకుకు రేకు స్క్రూలు ఊడతాయి, సందు పడుతుంది, సెగ బయటికి వస్తుంది. ఆ సెగకు మనుషులు డబ్బాలు తెచ్చుకుని చేరతారు. అవే సుడులు లోపల ఆవు దూడను నాకినట్టు పైపు గోడను నాకుతూ ఉంటాయి. రోజూ కొంచెం అరుగుతుంది. అంటే డబ్బాలు ఉన్నచోటే శిఖరం కనబడడం వింత కాదు. వాళ్లను అక్కడికి పిలుస్తున్నదే అది.

ఇది చెబితే బావ కంచం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. పర్మిట్ తెచ్చియ్యి. గా రేకు విప్పి, ఊలు తీసి, పైపు చూపిస్త. చాయ్ తాగినంత సేపు పట్టదు. పర్మిట్ లేకుండ విప్పితె నా గేట్‌పాస్ గుంజుకుంటరు."

నేను పెద్దసారును అడిగినదీ ఆ పర్మిటే. ప్లాంటు ఆపనక్కర లేదు. నడుస్తున్న పైపు మీదే ఒక చెయ్యి పొడవు ఊలు విప్పి, వేడిని తట్టుకునే మీటరు ఆనించి గోడ ఎంత మందం ఉందో చూడవచ్చు. అంతకుముందు ఒక పరీక్ష చేద్దామని, కొక్కేలు, డబ్బాలు కొన్నాళ్లు తీసేయమని బావను అడిగాను. గ్యాంగ్ ఒప్పుకోలేదు. చలిలో చల్లన్నం ఎవరు తింటారు? చివరికి బావ మాట మీద ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో నేను ఎదురైతే వాళ్లు మాట్లాడడం ఆపేవారు. ఒకతను మాత్రం చల్లన్నం ముద్ద నాకు చూపించి, "తింటవా వడ్డాణం సారూ, మంచిగ గడ్డకట్టింది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది హాస్యం కాదు.

కొక్కేలు లేవు, డబ్బాలు లేవు. చిత్రం తీశాను. శిఖరం అక్కడే ఉంది, ఇంకొంచెం పెరిగి. మళ్లీ పెద్దసారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఈసారి కొక్కేల మాట ఎత్తలేదు. మీ సెన్సర్ బిగింపు వేడికి వదులై ఉంటుంది, అది అబద్ధం చెబుతోంది అన్నాడు. వదులైతే అన్ని శిఖరాలూ తగ్గాలి సార్, అతుకులవి కూడా అన్నాను. ఇక్కడ మిగతావన్నీ ఉన్నంత ఉన్నాయి, ఒక్కటే పెరుగుతోంది. ఆయన కిటికీలోంచి బూడిద కుప్పల వైపు చూస్తూ అన్నాడు.

"చూడు బాబూ. విప్పితే కొలవాలి. కొలిస్తే రాయాలి. పలచగా ఉందని రాస్తే ఆ నిమిషమే ఆపాలి. ఎండాకాలం వస్తోంది, కరెంటు ఆపే రోజులు కావు. వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం."

ఆయన నాతో అబద్ధం ఆడని రోజు అదొక్కటే. అందుకే ఆ మాట అక్షరం పోకుండా గుర్తుంది.

బిగింపు వదులైందన్న మాటను మాత్రం వాళ్లు వదల్లేదు. మా కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, బోల్టులు మళ్లీ బిగింపించారు. బిగించేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. బోల్టులు వదులుగా లేవు, పానా తిరగలేదు. అయినా బిగింపు ముట్టుకున్నాక పాత చిత్రంతో పోల్చకూడదు, కొత్తగా మొదటి చిత్రం తీయాలన్నది పద్ధతి. పద్ధతి మంచిదే. ఆ కొత్త మొదటి చిత్రంలో ఆ శిఖరం కూడా ఉంది, పెద్దగా, అతుకు పక్కన ఇంకో అతుకులా. ఇక ముందు ప్రతి చిత్రంలోంచి దాన్ని తీసివేస్తారు. ఎంత పలచబడిందో అదంతా పుట్టుకతో ఉన్నట్టు లెక్కలోంచి పోతుంది. ఇట్లా చేస్తే కళ్లు మూసుకున్నట్టే అని మా సార్‌కు హైదరాబాదుకు ఫోన్ చేసి చెప్పాను. నువ్వు అలిసిపోయావు, కొన్నాళ్లు వేరే సైటుకు వెళ్లు అన్నాడు. నెలాఖరుకు నా గేట్‌పాస్ అయిపోయింది. కొత్తది రాలేదు. నా చోట వచ్చినతనికి కొత్త చిత్రమే మొదటి చిత్రం. అతని తప్పేమీ లేదు.

తరువాతి సంగతి బావ చెప్పాడు. ఒకరోజు పొద్దున షిఫ్టు మొదట్లో అందరినీ నిలబెట్టి భద్రత గురించి చెప్పే చోట, పెద్దసారు లాప్‌టాప్ తెప్పించి గ్యాంగ్‌కు చూపించాడట. మీ బంధువు మిమ్మల్ని అనవసరంగా భయపెట్టాడు, చూడండి, ఏ మార్పూ లేదు అని. చూపించింది తీసివేత చేసిన గీత. అసలు చిత్రం చూపించలేదు.

"గీత సాఫ్‌గ పండుకున్నది బామ్మర్ది. గుంట లేదు, గుట్ట లేదు" అన్నాడు బావ. అది చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నిజంగా సంతోషం ఉంది. నా మాట అబద్ధమైనందుకు కాదు, నా మాట మీద చల్లన్నం తిన్న మనుషులకు ముఖం చూపించగలుగుతున్నందుకు.

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న అక్క చేట ఆపింది. "దవాఖానల గీత పండుకుంటె ఏడుస్తరు. మీరేంది, నవ్వుతున్నరు?"

నేను బావకు మా బాపు మాట గుర్తుచేశాను, ముందు బయటికి, తర్వాత పంచాది. ఆయనకు ఆ మాట తెలుసు. ఆయన తండ్రి కూడా ఆ బాయిలోనే దిగాడు.

"గది బాయి" అన్నాడు. "బాయిల కప్పు కూలితె సర్దార్ మీద గూడ పడుతది. గందుకే వింటడు. గీడ పెద్దసారు కూసునేది ఏసీ రూముల."

అంతా తెలిసిన మనిషి. అయినా మరునాడు కొక్కేలు మళ్లీ వెలిశాయి.

అక్క తనకు తోచిన ఉపాయం చేసింది. డబ్బాలో అన్నం, కూర మానేసి జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టడం మొదలుపెట్టింది. వేడి చేయనక్కర లేనివి. అప్పుడు అక్కడ తగిలించడు, అక్కడ కూర్చోడు అనుకుంది. ఆయన రొట్టెను కూడా తెచ్చి అదే కొక్కేనికి తగిలించాడు. అందరూ అక్కడ తింటుంటే నేను ఒక్కడిని ఎటు పోవాలె అన్నాడట. అదీ నిజమే. కలిసి తినే మనుషుల్లోంచి ఒకడిని లేపడం పైపును విప్పడం కన్నా కష్టం.

ఎండాకాలం వచ్చింది. రామగుండం ఎండలకు కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. ఆ గ్యాంగ్ వాళ్లంతట వాళ్లే డబ్బాలు తీసుకుని షెడ్డుకు పోయారు. నా జీవితంలో మొదటిసారి ఎండకు దండం పెట్టాను. షట్‌డౌన్ వస్తుంది, ఈలోగా విప్పుతారు, చూస్తారు అనుకున్నాను. షట్‌డౌన్ వాయిదా పడింది. మార్పు లేదని గీత చెబుతుంటే తొందరేముంది?

ఇప్పుడు వానలు పడుతున్నాయి. షెడ్డు రేకులు కారుతాయి, కింద తడి. మొన్న బావ కనబడితే అడిగాను, ఎక్కడ తింటున్నారని. పాత జాగలనే అన్నాడు. ఈ నడుమ సెగ ఇంకా మంచిగ వస్తున్నది, కూర అడుగంటుతున్నది కూడా అన్నాడు. రేకు ఎన్నిసార్లు బిగిస్తున్నారని అడిగాను. ఇంతకుముందు నెలకోసారి ఊడేది, ఇప్పుడు వారం నిలవడం లేదు అన్నాడు. అని, తన మాట తనకే వినబడినట్టు ఒక్క క్షణం ఆగాడు. తరువాత బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు మా అక్క ఫోన్ చేస్తుంది. ఏమీ అడగదు. తిన్నవా తమ్మీ అంటుంది. తిన్న అంటాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడకుండా వింటూ ఉంటాం. ఏం వింటున్నామో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వేళ దాటాక పెట్టేస్తాం.

నాకు జమ్మి ఆకు ఇవ్వకపోయినా సరే. చాయ్ అక్కర లేదు, గేట్‌పాస్ కూడా అక్కర లేదు. నన్ను పిచ్చివాడని రాసుకోండి, సంతకం పెడతాను. నాకు కావలసింది రెండు మాటలకు జవాబు. ఏ రోజు చిత్రంతో పోల్చి మార్పు లేదన్నారు? వాల్వు దాటిన చోట ఆ రేకు విప్పి ఎవరైనా పైపును చూశారా, లేదా? చూసి ఉంటే మందం ఎంతో చెప్పండి, నేను నోరు మూసుకుంటాను. చూడకపోతే చూడలేదని చెప్పండి. నాకు చెప్పడం నామోషీ అయితే నాకు చెప్పకండి. రేపు మధ్యాహ్నం, డబ్బాలు దింపే ముందు, అక్కడికి వెళ్లి, వాళ్ల పక్కన పైపు కింద కూర్చుని మా బావకు చెప్పండి.